చేబదులు

కటాక్షపురం కట్ట దాటంగనే
ముందట పత్తి ట్రాక్టర్.
ట్రాలీ కాదది, కదిలే గుట్ట.
పరదా కింద నుంచి రెండు దిక్కులా పొంగి
రోడ్డును సగం కంటె ఎక్కువే తింటున్నది.
దాని వెనక నేను,
నా వెనక పదకొండు క్యాన్ల పాలు.
హన్మకొండ సెంటర్ల ఏడింటికి మూతలు తెరవాలె.
ఎండెక్కితే పాలు ఆగవు,
ఫ్యాట్ చూసే పిలగాడు అసలే ఆగడు.

రోడ్డు నడిమిట్ల తెగని గీత.
మూలమలుపు అవతల ఏమున్నదో
గీత గీసినోనికి తెలుసు,
నాకు తెల్వదు.

నాకు స్టీరింగ్ నేర్పింది కొమురెల్లి కాక.
పద్దెనిమిదేండ్లు గ్రానైట్ లారీల మీద
ముందు క్లీనరు, తర్వాత డ్రైవరు.
డోరు మీద రెండు దెబ్బలు కొడితే పో,
ఒక్కటి కొడితే ఆగు,
ఆయన చదువంతా అదే.
మొదటిరోజే చెప్పిండు:
"పిల్లా, కుడిదిక్కు రోడ్డు నీది కాదు,
ఎదురొచ్చేటోనిది.
దాటుడంటే వాని రోడ్డు చేబదులు తీసుకునుడు.
వాణ్ణి అడగవు, వాడు ఇస్తనని అనడు,
వాడెవడో కూడ నీకు ఎరుకలేదు.
గందుకే వాడు రాకముందే తిరిగి ఇచ్చెయ్యాలె.
ఎంత తీస్తున్నవో, ఎప్పుడిస్తవో
లెక్క తెల్వకపోతే చెయ్యి చాపకు."

ట్రాక్టరాయన కుడి లైటు వేసిండు.
మా తొవ్వల ఈ లైటుకు రెండు అర్థాలు.
'నువ్వు పో' అని ఒకటి,
'నేను కుడికి మలుగుతున్న' అని ఒకటి.
ఆ రెండిటి నడుమ ఎందరు...
పొద్దుపొద్దున్నే ఆ లెక్క వద్దులే.
చెయ్యి కూడ ఊపిండు.
మంచోడే. కాని
నా బండి దమ్మెంతో, నా క్యాన్ల బరువెంతో
ఆయనకెట్ల తెలుస్తది?
నేను కదల్లే.

వెనక బొలెరో పోరడు
హారన్ మీద నుంచి చెయ్యి తీస్తలేడు.
ఎడమ దిక్కు మట్టిలకు దిగబోయి,
కంకర కుప్ప చూసి, కుడికి కోసి,
తెగని గీత మీదికెల్లి
నన్ను, ట్రాక్టర్‌ను ఒక్క ఊపుల దాటిపోయిండు.
ఏం కాలే.
మలుపు అవతల నుంచి ఏదీ రాలే.
నిజం చెప్పాలె కదా,
నాకు కొంచెం సిగ్గనిపించింది.
ఏమీ కాని రోజులే
మనిషికి తప్పుడు పాఠం చెప్తయి.

నీరుకుల్ల దాటినంక రోడ్డు సాపయింది.
గీత తెగింది, ముక్కలు ముక్కలు.
నేను కొంచెం వెనక్కి తగ్గిన.
దగ్గరుంటే గుట్టే కనబడతది,
దూరముంటేనే తొవ్వ.
అద్దం. భుజం మీంచి ఒక చూపు.
ఇండికేటర్. ఒక్క హారన్, పలకరింపంత.
గేరు కిందికి గుంజి కుడికొచ్చిన.

పక్కకెల్లి పోతుంటే కనబడ్డది:
పత్తి మీద, తాడు నడుముకు చుట్టుకొని
ఒక ముసలామె పండుకున్నది,
నోరు కొంచెం తెరిచి,
చెంపకు ఒక దూదిపోగు అంటుకొని.
ఎనుమాముల దాకా పోవాల్సిన ఆమె నిద్ర
ఇంతసేపూ నా బంపర్ ముందటనే ఉన్నది,
నాకు తెల్వనే తెల్వదు.
ట్రాక్టరాయన పంతానికి రాలే,
రేసు పెంచలే.
ఎడమకు జానెడు జరిగి
మీసాలల్ల నవ్విండు.

లోపలి అద్దంల ఆయన హెడ్‌లైట్లు రెండూ
నిండుగ కనబడ్డంకనే ఎడమకొచ్చిన.
నిమిషం తిరగకముందే
ఎదురుంగ ములుగు బస్సు.
లైట్లు కిందికి దించి పోయింది.
నేను వాడిన రోడ్డే అది,
ఇంకా వెచ్చగనే ఉండొచ్చు.
ఆ డ్రైవరుకు తెల్వదు,
నేను తనకు బాకీ లేనని.

గుడెప్పాడు క్రాస్ కాడ
లారీ ఒకటి అడ్డం తిరిగి తొవ్వంతా జామ్.
నాకు రెండు బండ్ల ముందట బొలెరో.
పోరడు తల బయటపెట్టి
ఇంకా కొడుతనే ఉన్నడు హారన్.
నేను దిగి, ఒక క్యాన్ మూత తీసి
వాసన చూసిన. మంచిగనే ఉన్నయి.
ఇంతల వెనక పత్తి గుట్ట వచ్చి ఆగింది.
ముసలామె లేచి కూసొని
చెంప మీది దూది తుడుచుకుంట అడిగింది:
"ఏ ఊరొచ్చింది బిడ్డా?"